చిత్రశాలలో దారి చూపువాడు



అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయములో ఒక ప్రయాణికుని గూర్చి చదువుదుము. అతడు ఐతియొపీయుల రాణి యొద్ద గొప్ప ఉద్యోగములో నున్నవాడు. రథములో కూర్చుండి యెషయా గ్రంథమును చదువుకొనుచుండెను. అతనికి చదువు వచ్చును గాని చదివినది బోధపడలేదు. ఫిలిప్పు రథము దగ్గరకు పరుగెత్తి ఆ సంగతి అడిగినప్పుడు, ఎవరైనను విప్పి చెప్పిన గాని తనకు తెలియదని అతడు సిగ్గుపడక ఒప్పుకొనెను. ఫిలిప్పు రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండెను. అతడు చదువుచున్న చోటనే మొదలుపెట్టి, అక్కడ నుండి యేసును చూపించెను. పని ముగిసిన పిమ్మట ఫిలిప్పు అతని కన్నులకు కనబడలేదు. అయినను ఆ మనుష్యుడు సంతోషముతోనే తన దారిని సాగిపోయెను.

దారి చూపువాని పని యెట్లుండవలెనో ఈ చిన్న వృత్తాంతములో నున్నది. అడుగబడువరకు వినిపించుకొనుట, ప్రక్కన కూర్చుండుట, ఎదుటివాడు చూచుచున్న చోటనే ప్రారంభించుట, ముఖ్యమైనవానిని చూపించుట, తరువాత తాను తప్పుకొనుట. ఈ కొలబద్దను చేతపట్టుకొని, మన పల్లెలకు బహు దూరమున జరుగుచున్న ఒక పనిని మీతో కూడ పరీక్షింపగోరుచున్నాను. లండను పట్టణములో నేషనల్ గ్యాలరీ అను గొప్ప చిత్రశాల కలదు. అక్కడ ఐరోపా చిత్రకారులు వేసిన పటములను గైడులు గుంపులకు చూపించి వివరించుదురు. దానితో మనకేమి పని యని మీరు అడుగవచ్చును. అక్కడి పటములలో సుమారు మూడవ వంతు మన బైబిలునకును క్రైస్తవ విశ్వాసమునకును చెందినవి. మనము ఆదివారపు బడిలో మన పిల్లలకు చెప్పు కథలనే అక్కడ దేశదేశముల జనులకు చెప్పుచున్నారు. వారు ఏమి చెప్పుచున్నారో, ఏమి విడిచిపెట్టుచున్నారో తెలిసికొనుట మనకు మేలు.

ఆ చిత్రశాల ఎట్టిది

నేషనల్ గ్యాలరీ 1824లో ప్రారంభమైనది. ఆంగర్‌స్టీన్ అను ధనవంతుడు మరణించిన తరువాత, అతడు కూర్చిన 38 పటములను బ్రిటిషు ప్రభుత్వము 57,000 పౌండ్లకు కొని ప్రజల సొత్తుగా చేసెను. ఆంగర్‌స్టీన్ ఓడల భీమా వ్యాపారములో గడించినవాడు. ఆ ఓడలలో కొన్ని బానిసల వ్యాపారమునకు చెందినవని ఆ గ్యాలరీయే నేడు దాచక చెప్పుచున్నది. ఐరోపాలో అనేక చిత్రశాలలు రాజుల మేడలలోని పటములతో మొదలైనవి. ఇది మాత్రము ప్రజల ధనముతో మొదలైనది. మొదట కొంతకాలము ఆ పటములు ఆంగర్‌స్టీన్ ఇంటిలోనే చూపబడెను. 1838లో ట్రఫాల్గర్ స్క్వేరునందు వేరొక భవనము తెరువబడెను. పడమటి వీధుల ధనికులు బండ్లమీదను, తూర్పు వీధుల బీదలు కాలినడకను రాగల చోటని ఆ స్థలము తగినదిగా ఎంచబడెను. అక్కడి పటములను చూచుటకు నేటికిని రుసుము లేదు. కూలివాడును కోటీశ్వరుడును ఒకే పటము ముందు ప్రక్కప్రక్కన నిలువవచ్చును. ఇది మెచ్చుకొనదగిన ఏర్పాటు.

ఇప్పుడు అక్కడ 2,300కు పైగా పటములున్నవి. దారి తెలియనివాడు ఒక గది నుండి మరియొక గదికి తిరిగి తిరిగి, కాళ్లు పీకగా, ఏమి చూచెనో చెప్పలేక బయటికి వచ్చును. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియములో ఇద్దరు పండితులు చూచువారిని గమనించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పటము ముందు సగటున 27 సెకనులు మాత్రము నిలుచుచున్నారని 2001లో ప్రకటించిరి. ఏండ్ల తరబడి శ్రమపడి వేసిన పటమునకు మనుష్యుడిచ్చు కాలము అర నిమిషమైనను లేదు.

అందుచేతనే ప్రజా చిత్రశాలలలో గైడులను ఏర్పరచిరి. అమెరికాలోని బోస్టను మ్యూజియములో 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో వీరికి డోసెంటులని పేరు పెట్టిరి. బోధించుట అను అర్థముగల లాటిను మాటనుండి ఆ పేరు పుట్టినది. గైడు ఒక గుంపును వెంటబెట్టుకొని, గంటసేపటిలో అయిదారు పటములను మాత్రము చూపించును. వందలకొలది పటములను దాటుకొనిపోయి ఒక్కదాని ముందు పది నిమిషములు నిలువబెట్టును. గైడు చేయు మొదటి మేలు ఇదియే. అతడు ఏమి చెప్పినను చెప్పకపోయినను, నిలువబెట్టుట దానంతట అదియే ఒక పాఠము. మనమును బైబిలులో అధ్యాయము తరువాత అధ్యాయము పరుగెత్తించి, చదివితిమని తృప్తిపడువారము కామా?

ఇక ఆ గుంపుతో కూడ మీరును నడుచుచున్నారని అనుకొనుడి.

సమాధి యొద్ద

ఆ చిత్రశాల పట్టికలో ఒకటవ అంకె వేయబడిన పటము లాజరు లేపబడుట. దానిని సెబాస్టియానో దెల్ పియోంబో అను ఇటలీ చిత్రకారుడు 1517 మొదలు 1519 వరకు వేసెను. అది ఇద్దరు మనుష్యుల నిలువెత్తు కంటె ఎత్తైన పటము. దీని ముందు సాధారణముగా చెప్పబడు సంగతులివి. జూలియో దె మెదీచి అను కార్డినలు ఫ్రాన్సు దేశములోని నార్బొన్ దేవాలయము కొరకు దీనిని వేయించెను. అదే కాలమున రాఫేలు అను ప్రసిద్ధ చిత్రకారునిచేత మరియొక పటము వేయించెను. కాబట్టి ఇద్దరికి పోటీ కలిగెను. రాఫేలును మించవలెనని సెబాస్టియానోకు మైకెలాంజెలో సహాయము చేసి, లాజరు ఆకారమునకు నమూనాలు గీసి యిచ్చెను. మొదట చెక్కమీద నున్న ఈ పటమును తరువాత గుడ్డమీదికి మార్చిరి.

ఇవన్నియు నిజములే, వినుటకు ఇంపుగా కూడ నుండును. అయితే వీటితోనే కాలము గడిచిపోయినయెడల చూచువాడు ఏమి పట్టుకొనిపోవును? ఇద్దరు చిత్రకారుల పోటీని పట్టుకొనిపోవును. పటములో నున్నది పోటీ కాదు, సమాధి. వెనుక నిలిచిన స్త్రీలను చూడుడి. వారు బట్టతో ముక్కు మూసికొనుచున్నారు. ఎందుకు? నాలుగు దినములైన శవము వాసన కొట్టునని మార్త భయపడినట్లు యోహాను 11వ అధ్యాయము చెప్పుచున్నది గదా. చిత్రకారుడు ఆ మాటను విడిచిపెట్టలేదు. లాజరు కట్లను వదిలించుకొనుచు ప్రభువు వైపు చూచుచున్నాడు. ఒక ప్రక్క మరణపు వాసన, ఒక ప్రక్క జీవపు మాట. రెండును ఒకే పటములో నున్నవి.

ఎండకాలములో చావు ఇంట కూర్చుండినవారికి, చుట్టములు వచ్చువరకు శవమును ఉంచుటకు జాగు చేయలేక తొందరపడినవారికి, ఆ స్త్రీల చేతులు ఎందుకట్లున్నవో ఎవరును చెప్పనక్కరలేదు. చిత్రకళ తెలియని మన పల్లెటూరి విశ్వాసి ఈ ఒక్క విషయములో అనేక పండితులకంటె దగ్గరగా నిలువగలడు. గైడు పోటీని గూర్చి రెండు నిమిషములు చెప్పి, ఆ ముక్కు మూసికొన్న స్త్రీలను గూర్చి ఎనిమిది నిమిషములు చెప్పినయెడల అతని పని మిక్కిలి మేలుగా నుండును. అంత చేసినను అతడు ప్రసంగము చేసినవాడు కాడు. పటములో నున్నదానినే చూపినవాడగును.

ఏటి ఒడ్డున

తరువాత పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ప్రభువు బాప్తిస్మము. ఇది 15వ శతాబ్దపు పటము. పాప్లరు అను చెట్టు చెక్కమీద, గ్రుడ్డుసొనతో కలిపిన రంగులతో వేయబడినది. ఇటలీలోని బోర్గో సాన్‌సెపోల్క్రో అను చిన్న ఊరిలోని మఠము కొరకు అతడు దీనిని వేసెను. ఆ ఊరే అతని స్వగ్రామము. 1861లో గ్యాలరీ దీనిని కొన్నది.

ఇక్కడ గైడులు లెక్కలు చెప్పుటకు ఇష్టపడుదురు. పియెరో గణిత శాస్త్రములో ఆరితేరినవాడు, గణితముపై గ్రంథములు వ్రాసినవాడు. కాబట్టి ప్రభువు నిలిచిన చోటు పటమునకు సరిగా నడుమ నున్నదనియు, పావురము, చిప్పలోని నీళ్లు, ప్రభువు మడిచిన చేతులు ఒకే గీతపై నున్నవనియు చూపుదురు. ఇది మంచి వివరణ. కన్నుకు క్రమము నేర్పుచున్నది. ఆకాశములోని తెల్లని మేఘములును రెక్కలు చాచిన పావురమును ఒకే ఆకారములో నున్నవని చూపినప్పుడు వినువారు ఆశ్చర్యపడుదురు.

అయితే మీరు ఇంకొక చోట చూడవలెను. ప్రభువు వెనుక, ఏటి ఒడ్డున, ఒక మనుష్యుడు వంగి తలమీదుగా అంగీ తీసివేయుచున్నాడు. అతని ముఖము కనబడదు. అతడెవడు? బాప్తిస్మము పొందుటకు తన వంతు కొరకు సిద్ధపడువాడు. మన చెరువుగట్లమీద, కాలువల ఒడ్డున, బాప్తిస్మపు దినమున పొడిబట్టలు చేతపట్టుకొని వరుసలో నిలిచినవారిని మనము ఎరుగుదుము. ఆ వరుసలో ప్రభువు కూడ నిలిచెనని సువార్త చెప్పుచున్నది. పాపము లేనివాడు పాపుల వరుసలో నిలిచెను. అంగీ విప్పుకొనుచున్న ఆ పేరులేని మనుష్యుని వేసి చిత్రకారుడు ఈ సత్యమును చూపెను.

మరియొక సంగతి. ప్రభువు ప్రక్కన దూరముగా కనబడుచున్న ఊరు యూదయ దేశపు ఊరు కాదు. అది చిత్రకారుని స్వగ్రామము. కొండలు అతని కొండలు. ఏరు అతని పొలముల మధ్య పారు ఏటివలె నున్నది. యొర్దాను నదిని అతడు తన ఊరికి తెచ్చుకొనెను. దీనిని గైడు తప్పక చెప్పును, చెప్పుట న్యాయము. మనము నేర్చుకొనవలసినదేమనగా, ఆ పటములోని తెల్లని దేహము, ఇటలీ కొండలు సువార్తలో భాగము కావు. అవి ఒక విశ్వాసి తన ఊరివారికి ప్రభువును దగ్గర చేసికొనిన విధము. మన గోడలమీది క్యాలెండరు పటములు ఐరోపా, అమెరికా చిత్రకారుల పద్ధతిలో వచ్చుటచేత, ప్రభువు తెల్లవారి దేశమువాడని తలంచు పిల్లలు మనలో నున్నారు. పియెరో చేసిన పనిని సరిగా గ్రహించినయెడల అతని పటమును నకలు చేయము. మన కృష్ణ ఒడ్డునను మన గోదావరి ఒడ్డునను ప్రభువు నిలుచుటను తలపోసికొందుము.

మూలనున్న సిలువ

మూడవది హాన్స్ హోల్బైను 1533లో వేసిన రాయబారులు అను పటము. ఇది బైబిలు కథ కాదు. ఫ్రాన్సు దేశపు ఉన్నతులు ఇద్దరు విలువైన వస్త్రములు ధరించి నిలిచియున్నారు. ఒకడు రాయబారి, ఒకడు బిషప్పు. వారి మధ్య బల్లమీద గోళములు, కాలమును కొలుచు పనిముట్లు, తంతి తెగిన వీణవంటి వాద్యము, కీర్తనల పుస్తకము ఉన్నవి. వారి పాదముల ముందు నేలమీద వంకరగా సాగిన ఒక వింత ఆకారము కనబడును. ఎదురుగా నిలిచిన అదేమో తెలియదు. గైడు గుంపును పటమునకు కుడి ప్రక్కకు తీసికొనిపోయి, అక్కడ నుండి ఓరగా చూడుమనును. అప్పుడది మనుష్యుని పుర్రె యని తెలియును. అందరును అబ్బురపడుదురు, పిల్లలు నవ్వుదురు. ఎంతటి చదువును పదవియు ఉన్నను మరణము తప్పదని గైడు చెప్పును.

మంచిదే. అయితే ఇది గారడివంటిది. గారడి చూచినవారు అంతటితో తృప్తిపడుదురు. ఆ పటములోనే పై భాగమున, ఎడమ మూలలో, ఆకుపచ్చని తెర చాటున సగము కనబడుచు ఒక సిలువ యున్నది. సిలువమీద ప్రభువు ఉన్నాడు. శ్రద్ధగల గైడు దానిని చూపును. తొందరపడువాడు పుర్రెతోనే ముగించి తరువాతి గదికి నడిపించును. పుర్రెను మాత్రము చూపువాడు పటములో సగమే చూపినవాడు. మరణము నిశ్చయమని చెప్పుటకు చిత్రకారుడు అక్కరలేదు, శ్మశానమే చాలును. మరణమునకు జవాబు ఉన్నదా అనునదే ప్రశ్న. హోల్బైను ఆ జవాబును తెర వెనుక, మూలన ఉంచెను. వెదకువానికే అది కనబడును.

ఇక్కడ మన ప్రసంగీకులకును ఒక మాట. పాపమును, చావును, నరకమును అరగంట వర్ణించి, సిలువను చివరి రెండు నిమిషములకు మిగుల్చు ప్రసంగము కూడ ఇట్టిదే గదా.

మౌనము తగిన చోటు

నాలుగవది రెంబ్రాంటు 1644లో వేసిన చిన్న పటము. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ప్రభువు యొద్దకు తెచ్చుట దాని విషయము. దాని ఎత్తు మూడు అడుగులకంటె తక్కువ. అంత చిన్న పటములో ఆకాశమంటు దేవాలయమును, చీకటిలో మెరయు బంగారమును అతడు చూపెను. ఆ గొప్పతనమంతటి క్రింద తెల్లని వస్త్రములో ఒక స్త్రీ మోకాళ్లూని ఏడ్చుచున్నది. వెలుగు ఆమెమీదను ప్రభువుమీదను పడుచున్నది. నేరము మోపువారు వెలుగు అంచున నిలిచియున్నారు.

గైడులు రెంబ్రాంటు వెలుగును గూర్చి చక్కగా చెప్పుదురు. వెలుగు ఎటు పడెను, చీకటిని ఎట్లు వాడెను, చూపు ఎటునుండి ఎటు పోవును అని వివరించుదురు. అయితే ఇంతకుమించి మాట లేక నిలువవలసిన పటమిది. యోహాను 8వ అధ్యాయములో ప్రభువే మొదట మాటలాడలేదు. వంగి నేలమీద వ్రాసెను. నేరము మోపినవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుటకు ఆ మౌనమే వారికి ఎడమిచ్చెను. గైడు ఇక్కడ రెండు నిమిషములు ఊరకుండినయెడల చూచువారు తాము ఆ గుంపులో ఎక్కడ నిలిచియున్నారో ఆలోచించుకొందురు. మాటలాడుటకు జీతము పుచ్చుకొనువారికి ఊరకుండుట కష్టము. ఇది చిత్రశాలకు మాత్రమే చెందిన బలహీనత కాదు.

భోజనపు బల్ల యొద్ద

చివరిది కరవాజ్జో 1601లో వేసిన ఎమ్మాయులో భోజనము. లూకా 24వ అధ్యాయపు కథ. ప్రభువు బల్ల యొద్ద కూర్చుండి రొట్టెను ఆశీర్వదించుచున్నాడు. ఆయనకు గడ్డము లేదు, పడుచువానివలె నున్నాడు. ఇద్దరు శిష్యులు ఆయనను అప్పుడే గుర్తుపట్టిరి. ఒకడు కుర్చీ వెనుకకు నెట్టి లేవబోవుచున్నాడు. అతని అంగీ మోచేతి యొద్ద చినిగియున్నది. మరియొకడు రెండు చేతులును చాచెను. బల్ల అంచున పండ్ల బుట్ట ఇప్పుడే పడిపోవునేమో యన్నట్లున్నది.

గైడు ఆ పండ్ల బుట్టను తప్పక చూపును. చేయి చాచి దానిని లోపలికి జరుపవలెనని మీకు తోచుటలేదా యని అడుగును. చిత్రకారుడు దుడుకువాడనియు, తరువాత ఒక మనుష్యుని చంపి రోమునుండి పారిపోయెననియు చెప్పును. అది నిజమే, 1606లో జరిగినది. వినువారు చెవులు రిక్కించుదురు.

నా దృష్టిలో ఈ పటమునకు తాళపుచెవి వేరొకడు. ప్రభువు ప్రక్కన, మీది తలపాగా తీయకుండ, భోజనశాల యజమాని నిలిచియున్నాడు. శిష్యులకంటె అతడేమియు దూరముగా లేడు. వెలుగు అతని ముఖముమీదను పడుచున్నది. అతడు ప్రభువునే చూచుచున్నాడు. అయినను అతనికేమియు తెలియలేదు. అతనికి ఈయన భోజనమునకు వచ్చిన ఒక ప్రయాణికుడు మాత్రమే. శిష్యులు ఎందుకు ఉలికిపడిరో అతనికి వింతగా నున్నది.

ప్రియులారా, చిత్రశాలలో జరుగు పనియంతటికిని ఇది అద్దమువంటిది. ప్రభువును మిక్కిలి దగ్గరగా, మంచి వెలుగులో, దినదినము చూచుచు, ఆయన ఎవరో తెలియకుండ నిలుచుట సాధ్యమే. గైడును మాత్రము అనవద్దు. ప్రతి ఆదివారము బల్ల యొద్దకు వచ్చు మనమును, రొట్టెను పంచిపెట్టు మా బోధకులమును ఆ యజమాని నిలిచిన చోటనే నిలువవచ్చును.

న్యాయము తప్పక చెప్పవలెనన్న

ఇంతవరకు గైడుల లోపములను చెప్పితిని. వారి పక్షమునను చెప్పవలసినది కలదు. అది ప్రజల ధనముతో నడుచు చోటు. అక్కడికి క్రైస్తవులు, యూదులు, మహమ్మదీయులు, హిందువులు, ఏ మతమును లేనివారు వచ్చుదురు. వారికి సువార్త ప్రకటించుటకు గైడు పిలువబడలేదు. అతనినుండి మనము కోరవలసినది ప్రసంగము కాదు. పటము దేనికొరకు వేయబడినదో, అందులోని కథ యేమో నమ్మకముగా చెప్పుట. దేవాలయములో ప్రార్థించువారి ముందు నిలుచుటకు వేయబడిన పటమును, రంగుల పొందికగా మాత్రము చూపుట సగము నిజము చెప్పుటయే.

ఆ పని చేయవచ్చునని ఆ చిత్రశాలయే రెండు సార్లు చూపినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పటములన్నిటిని దూరముగా వేల్సు దేశమునకు తరలించి, 1941లో ఒక పలకరాతి గనిలో దాచిరి. లండనులోని భవనముమీద బాంబులు పడెను. ఖాళీ గోడలను చూచి జనులు దుఃఖపడగా, 1942 మొదలు నెలకొక్క పటమును మాత్రము తెచ్చి చూపిరి. అట్లు తొలుత తేబడినవాటిలో తీషియన్ వేసిన పటమొకటి. తోటలో మగ్దలేనే మరియ లేచిన ప్రభువును గుర్తించి చేయి చాచుట దాని విషయము. ఇండ్లు కూలిన పట్టణములో, చనిపోయినవారికొరకు ఏడ్చు జనులు ఆ ఒక్క పటమును చూచుటకు వచ్చిరి. వారికి దాని భావము విప్పి చెప్పుటకు గైడు అక్కరలేకపోయి యుండును.

మరల 2000 సంవత్సరములో, నీల్ మెక్‌గ్రెగరు ఆ చిత్రశాలకు అధిపతిగా నున్నప్పుడు, క్రీస్తు రూపమును చిత్రకారులు ఎట్లు చూపిరో తెలుపు ప్రదర్శనము నొకదానిని ఏర్పాటు చేసిరి. చూచువారిలో అనేకులకు ఇప్పుడు ఆ కథలే తెలియవని గమనించి, కథలను, వాటి భావమును విప్పి చెప్పిరి. మూడు లక్షలకు పైగా జనులు వచ్చిరి. కథ చెప్పినయెడల వినువారు పారిపోవుదురను భయము వట్టిదని తేలినది.

చదువరులారా, ఆ మాట యొద్ద ఒక్క క్షణము ఆగుడి. మన తాతలకు సువార్త తెచ్చిన మిషనెరీలలో అనేకులు ఆ దేశమునుండి వచ్చినవారే. ఆ దేశములోనే ఇప్పుడు లాజరు ఎవడో, ఎమ్మాయు ఎక్కడిదో మొదట చెప్పవలసి వచ్చుచున్నది. పటములు చెక్కుచెదరక నిలిచియున్నవి. వాటి గదులకు గాలియు వెలుగును కొలతప్రకారము ఇచ్చుచున్నారు. రంగు రాలకుండ కాపాడిరి గాని కథ రాలిపోయినది. రంగును కాపాడుటకు పనివారు చాలుదురు. కథను కాపాడుటకు తల్లులు, తండ్రులు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు కావలెను.

మన మధ్యనున్న పటములు

పటములను గూర్చి ఇంత మాటలాడుట రెండవ ఆజ్ఞకు విరోధము కాదా యని మీలో కొందరు తలంచవచ్చును. ఆజ్ఞ సాగిలపడుటను, పూజించుటను నిషేధించుచున్నది. పటమునకు దండవేసి దీపము పెట్టువాడు ఆజ్ఞ మీరుచున్నాడు. పటమును చూచి లేఖనము తెరచువాడు మీరుటలేదు. ప్రత్యక్షపు గుడారము కొరకు బెసలేలునకు నైపుణ్యమిచ్చినది దేవుని ఆత్మయే యని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది.

లండనుకు పోనక్కరలేదు. మెదకు దేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. 1914 మొదలు పదేండ్లు కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవు కాలమున చార్లెస్ వాకర్ పోస్నెట్టు దొరగారు జనులకు పని కల్పించి కూడు పెట్టుచు దానిని కట్టించిరి. అందులో మూడు గొప్ప రంగుటద్దముల కిటికీలున్నవి: ప్రభువు జననము, సిలువ మరణము, ఆరోహణము. ఇవియు ఐరోపా కళయే. అయితే ఇవి మ్యూజియములో లేవు. ఆరాధించు జనుల మధ్యనే యున్నవి. బయట వెలుగున్నంతవరకే అవి లోపలివారికి కనబడును. ప్రొద్దు గ్రుంకగానే, లోపల ఎన్ని దీపములు వెలిగించినను ఆ రంగులు నల్లబడును.

అక్కడికి మన పిల్లలను తీసికొనిపోయినప్పుడు మనము చెప్పునదేమి? ఎంత ఎత్తు, ఎంత వెల, ఎక్కడి అద్దము అనియే గదా? లండను గైడును తప్పుపట్టి, మనము కూడ ఆ గైడులమే యగుచున్నాము. ఎత్తు చెప్పుడి, తప్పు లేదు. కరవులో కూడు దొరికిన సంగతియు చెప్పుడి. ఆ తరువాత ఆ మూడు కిటికీల క్రింద కూర్చుండి, లూకా సువార్త తెరచి, పుట్టుకనుండి ఆరోహణము వరకు ఆ కథను మీ నోటితో చెప్పుడి.

ఇంటిలో క్యాలెండరు పటమున్నను, ఆదివారపు బడిలో పాత బొమ్మల చుట్ట యున్నను, అదియే మీ చిత్రశాల. ఒక్క బొమ్మను తీయుడి. పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టి, మొదట మీరు చెప్పక, నీకేమి కనబడుచున్నది అని అడుగుడి. వాడు చూపినచోటనే ప్రారంభించుడి. వాడు గొఱ్ఱెపిల్లను చూపిన గొఱ్ఱెపిల్లనుండి, పడవను చూపిన పడవనుండి ప్రభువు వరకు వానిని నడిపించుడి. తరువాత పుస్తకము తెరచి ఆ చోటు వానిచేత చదివించుడి. చదువురాని తల్లి వినిన కథనే చెప్పవచ్చును. ఆ కథకు చదువు అడ్డము కాదు.

ఈ నెలలో ప్రతి ఇంట ఒక్క బొమ్మ, ఒక్క కథ ఇట్లు చెప్పబడినయెడల, ఇరువది యేండ్ల తరువాత మన పిల్లలు ఏ చిత్రశాలలో నిలిచినను, ఆ సమాధి యొద్ద నిలిచినవాడు ఎవరో ఒకరు చెప్పవలసిన అవసరముండదు. వారే ప్రక్కవానికి చెప్పుదురు.